గడప దిగితే కాలు విరిగింది. అమ్మ ఎముక ఇంత మెత్తబడిందా?

చంద్రగిరి_లక్ష్మి
అమ్మకు 61 ఏళ్లు. పది రోజుల కిందట తెల్లవారుజామున ముగ్గు వేయడానికి వాకిట్లోకి దిగింది. మా గడప నుంచి వాకిలికి ఒక్కటే మెట్టు, జానెడు ఎత్తు. పడలేదు, జారలేదు. కాలు కాస్త పక్కకు తిరిగింది, అంతే. ‘టప్’మన్న శబ్దం తనకే వినిపించిందట. నేను పరిగెత్తుకొచ్చేసరికి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముగ్గు డబ్బా చేతిలో అలాగే ఉంది, పొడి కూడా ఒలకలేదు. కుడి కాలు మాత్రం మోకాలికీ చీలమండకూ మధ్య వంకర తిరిగిపోయింది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి మోకాలి కింది రెండు ఎముకలూ విరిగాయని చెప్పారు. పిండికట్టు వేశారు. ఇంత చిన్నదానికి ఎందుకు విరిగింది అని అడిగితే ‘వయసమ్మా’ అన్నారు. కాల్షియం మాత్రలు రాసి ఆరు వారాల తర్వాత రమ్మన్నారు. పోయిన ఏడాది దసరా ముందు స్నానాల గదిలో జారి ఎడమ మణికట్టు విరగ్గొట్టుకుంది. అప్పుడు వేరే ఆసుపత్రి. అక్కడ కూడా పిండికట్టు, అక్కడ కూడా ‘వయసు’.

ఇప్పుడు ఇంట్లో రెండు వర్గాలు. పిండికట్టు విప్పించి పుత్తూరు కట్టు కట్టించమని పెదనాన్న, ఆపరేషన్ చేయించమని తమ్ముడు. నాకు మాత్రం ఒకటే ప్రశ్న. మా పక్కింటి అవ్వకు 80 దాటాయి, నిన్న కూడా గడ్డిమోపు మోసుకొచ్చింది. వయసే కారణమైతే ఆమెకు విరగని ఎముక మా అమ్మకు ఎందుకు విరిగింది?

పుత్తూరు వాసి
మీ పెదనాన్న మాట వినండి. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, నూలు గుడ్డ. వీటితోనే మా ఊళ్లో తరతరాలుగా ఎముకలు అతుకుతున్నాయి. తమిళనాడు, కర్ణాటక బండ్లు తెల్లవారకముందే వచ్చి ఆగుతాయి. 1998లో చింతచెట్టు మీద నుంచి పడి నా మోచేతి కింద ఎముక విరిగింది. మూడు కట్లు కట్టించుకున్నాను. ఇప్పటికీ నీళ్ల బిందె ఎత్తుతున్నాను.

కుప్పం కుర్రాడు
అన్నా, అప్పుడు మీ వయసు ఎంత?

పుత్తూరు వాసి
పద్నాలుగు.

రిటైర్డ్ హెడ్‌నర్స్
కుప్పం అబ్బాయి అడిగిన దాంట్లోనే అసలు సంగతి ఉంది. పద్నాలుగేళ్ల పిల్లవాడి ఎముక నిటారుగా నిలిపి ఉంచితే చాలు, తనంతట తాను అతుక్కుంటుంది. అతను చెట్టు మీద నుంచి పడ్డాడు, కాబట్టి విరిగింది. లక్ష్మీ, మీ అమ్మ పడనే లేదు. నిలబడిన ఎత్తు నుంచి పడినా, అసలు పడకపోయినా ఎముక విరిగిందంటే ఆ ఎముక ముందే బలం కోల్పోయిందని అర్థం. అందులోనూ ఏడాదిలో రెండోసారి. మణికట్టు విరిగిన రోజే ఎవరో ఒకరు ఆగి ఆలోచించాల్సింది.

ఈ రోజే చేయాల్సినవి చెబుతున్నాను. పిండికట్టు ఎవరి మాట మీదా విప్పవద్దు. కాలి వేళ్లు రోజుకు నాలుగుసార్లు చూడండి. నీలం రంగుకు తిరిగినా, చల్లబడినా, మొద్దుబారినా, మాత్ర వేసినా తగ్గకుండా నొప్పి గంటగంటకూ పెరుగుతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, అర్ధరాత్రి అయినా సరే. లోపల వాపు పెరిగి కట్టు బిగుసుకుంటే కొన్ని గంటల్లోనే కండ చచ్చిపోతుంది. పిండికట్టయినా, వెదురు బద్దల కట్టయినా ఇందులో తేడా లేదు. పిక్క వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా కూడా అంతే. మంచం మీదే ఉన్న కాలిలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది.

ఇంకొకటి. ఆరు వారాలు ఆగవద్దు. కాలి ఎముకకు కట్టు వేశాక మొదటి మూడు వారాల్లో వారానికోసారి ఎక్స్‌రే తీసి, ఎముక పక్కకు జరిగిందేమో చూడాలి. వాపు తగ్గేకొద్దీ కట్టు వదులవుతుంది, లోపల ఎముక కదులుతుంది.

ఎక్స్‌రే గది
ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. గట్టి కాలి ఎముకను ఫిల్ములో చూస్తే రెండు వైపులా అంచు మందంగా, సుద్దముక్కతో గీసినట్టు తెల్లగా కనిపిస్తుంది. గుల్లబారిన ఎముకకు ఆ అంచు పెన్సిల్ గీతంత సన్నబడుతుంది. కీళ్ల దగ్గర సాలెగూడులా ఉండే లోపలి అల్లిక అక్కడక్కడా తెగిపోయి ఉంటుంది. అయితే ఎక్స్‌రేలో ఈ పలచదనం కంటికి ఆనే సరికే ఎముకలో దాదాపు మూడో వంతు పోయి ఉంటుంది. అందుకే ఎక్స్‌రే చూసి ‘ఎముక బాగానే ఉంది’ అన్న మాటను నమ్మి కూర్చోకూడదు.

ఎముక ఎంత దట్టంగా ఉందో కొలవాలంటే డెక్సా పరీక్ష. నడుము దగ్గర వెన్నుపూసలు, తుంటి ఎముక కొలుస్తారు. బల్ల మీద పది పదిహేను నిమిషాలు కదలకుండా పడుకుంటే చాలు, సూది ఉండదు. ఆరోగ్యంగా ఉన్న యువతి ఎముకతో పోల్చి ఒక అంకె ఇస్తారు, దాన్ని టీ-స్కోరు అంటారు. మైనస్ 1 వరకు బాగున్నట్టే. మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్య ఉంటే పలచబడుతున్నట్టు. మైనస్ 2.5 దగ్గరగానీ ఇంకా కిందగానీ ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముక గుల్లబారిన జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో ఏర్పరచిన కొలత ఇది.

కుప్పం కుర్రాడు
మా ఊళ్లో ఉచిత శిబిరం పెట్టి మడమ మీద ఏదో యంత్రం ఆనించి అందరికీ కాగితం ఇచ్చారు. అది ఇదేనా?

ఎక్స్‌రే గది
కాదు. అది ధ్వని తరంగాలతో మడమను చూసే యంత్రం. అనుమానం కలగడానికి పనికొస్తుంది, జబ్బు నిర్ధారించడానికి సరిపోదు. ఆ కాగితం చూసి భయపడనూ వద్దు, ధైర్యపడనూ వద్దు.

సుమతి_చిత్తూరు
లక్ష్మీ, నా కథ రాస్తాను. నాకు 54. మూడేళ్ల కిందట చిత్తూరు బస్టాండులో బస్సు చివరి మెట్టు దిగుతూ చీలమండ విరగ్గొట్టుకున్నాను. పలకా, రెండు వైపులా స్క్రూలూ వేశారు. ఆపరేషన్ చేసిన డాక్టరు మర్నాడు వచ్చి మంచం పక్కన కూర్చున్నారు. ‘అమ్మా, స్క్రూ బిగిస్తుంటే తడిసిన చెక్కలో మేకు దిగినట్టు దిగింది. మీ ఎముకకు పట్టు లేదు. అందుకే స్క్రూ తల పలకలోనే బిగుసుకునే రకం వేశాను’ అన్నారు. ఆయన తర్వాత అడిగిన మొదటి ప్రశ్న నేను ఎదురుచూడనిది. ‘గర్భసంచి ఎప్పుడు తీయించుకున్నారు?’

33 ఏళ్లకు తీయించుకున్నాను. తెల్లబట్ట అవుతోందని వెళితే, ఉంచుకుంటే క్యాన్సర్ వస్తుందని భయపెట్టారు. అండాశయాలు కూడా తీసేశారన్న సంగతి నాకు ఇరవై ఏళ్ల తర్వాత, పాత కాగితాలు వెతికినప్పుడు తెలిసింది. అండాశయాలు పోతే ఆ రోజు నుంచే ముట్లుడిగినట్టు లెక్క. ఎముకను కాపాడే ఈస్ట్రోజెన్ హార్మోను ఆగిపోతుంది. మామూలుగా యాభై దగ్గర మొదలు కావాల్సిన నష్టం నాకు ముప్పై మూడుకే మొదలైంది. ఆ మాట అప్పుడు ఒక్కరైనా చెప్పి ఉంటే బాగుండేది. ఇది రాస్తుంటే ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది.

చంద్రగిరి_లక్ష్మి
అక్కా, మీ పోస్టు అమ్మకు చదివి వినిపించాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘నాకూ 35కే తీశారు కదా’ అంది. ఆ కాగితాలు మా దగ్గర లేవు.

రిటైర్డ్ హెడ్‌నర్స్
2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న స్త్రీలు దేశంలో ఎక్కువ శాతం ఉన్నది మన ఆంధ్రప్రదేశ్‌లోనే. 15 నుంచి 49 ఏళ్ల మధ్యవారిలో నూటికి దాదాపు తొమ్మిది మంది. అవసరమై చేసిన ఆపరేషన్లు ఉన్నాయి, నేను పక్కనే నిలబడి చూశాను. అవసరం లేనివీ చూశాను. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో తీసి ఉంటే, కాలు విరిగేదాకా ఆగకుండా డెక్సా గురించి డాక్టరును అడగండి.

రాగిముద్ద
మాది పలమనేరు పక్కన పల్లె. మా నాయనమ్మ 92 ఏళ్లు బతికింది, ఒక్క ఎముక విరగలేదు. పొద్దున రాగి సంగటి, రాత్రి రాగి సంగటి. ఇప్పుడు అందరూ మూడు పూటలా తెల్ల అన్నం తింటున్నారు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అంతే బియ్యంలో పది మిల్లీగ్రాముల దగ్గరే. ఇంకా పరీక్షలెందుకు, మందులెందుకు? సంగటి పెట్టండి.

మదనపల్లె టమాటా
మీ పేరు చూస్తేనే ఆకలేస్తోంది. సంగటిలోకి పుల్లగూర చేసుకోండి, ఈ వారం టమాటా చవకే.

ఎక్స్‌రే గది
రాగిముద్ద గారూ, సంగటి మంచిదే, నేనూ తింటాను. కానీ అదొక్కటే చాలదని చెప్పిన పరిశోధన జరిగింది మన తిరుపతిలోనే. స్విమ్స్ ఆసుపత్రి వైద్యులు ఈ చుట్టుపక్కల పల్లెల్లోనూ పట్టణంలోనూ ఆరోగ్యంగా ఉన్నవారిని పరీక్షించి 2007లో ప్రచురించారు. కాల్షియం తీసుకోవడం తక్కువ. దానికి తోడు తిండిలో ఫైటేట్ ఎక్కువ. గింజ ధాన్యాల్లో ఉండే ఈ ఫైటేట్ కాల్షియాన్ని పట్టుకుని పేగు పీల్చుకోనివ్వదు. పొలం పనికి వెళ్లేవారిలో డి విటమిన్ పట్టణం వారికన్నా మెరుగ్గా ఉంది, అయినా చాలామందిలో చాలినంత లేదు. మే నెలలో రోడ్డు కరిగిపోయే మన ఊళ్లో డి విటమిన్ లోపమా అని నేను ముక్కున వేలేసుకున్నాను.

ఇదే తిరుపతి ఎండ మీద చేసిన పనిలో తేలిన ఇంకో సంగతి. చర్మంలో డి విటమిన్ బాగా తయారయ్యేది ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 వరకు. మనం లేత ఎండ మంచిదని పొద్దున ఆరింటికి అరుగు మీద కూర్చుంటాం, పదకొండింటికి తలుపులు మూసుకుంటాం.

రాగిముద్ద
అది నాకు తెలియదు. అయితే రాగులు నానబెట్టి మొలకెత్తించి పిండి పట్టిస్తే?

రిటైర్డ్ హెడ్‌నర్స్
మొలకెత్తిస్తే ఫైటేట్ తగ్గుతుంది. మన పెద్దవాళ్లు పసిపిల్లలకు పెట్టే రాగి మాల్టు అలా చేసిందే. సంగటి మానవద్దు, దానితోపాటు మజ్జిగ, పాలు, నువ్వులు, మునగాకు చేర్చండి. ముట్లుడిగిన స్త్రీకి రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. గ్లాసెడు పాలల్లో 240 దాకా వస్తుంది. లెక్క వేసుకుంటే ఎంత తక్కువ తింటున్నామో తెలుస్తుంది. కానీ విరిగిన ఎముక ఉన్న మనిషికి తిండితోనే సరిపెట్టమనడం తప్పు. ఈ విషయంలో నేను మెత్తబడను.

లక్ష్మీ, ఇంకో ప్రశ్న. అమ్మ రోజూ ఏ మాత్రలు వేసుకుంటుంది? తను చెప్పినవి కాదు. డబ్బా తెరిచి, మీ కళ్లతో చూసి రాయండి.

చంద్రగిరి_లక్ష్మి
బీపీ మాత్ర ఒకటి, గ్యాసు మాత్ర ఒకటి. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఇచ్చే చిన్న తెల్ల మాత్ర ఒకటి. మిగతావి సాయంత్రం చూసి రాస్తాను.

రిటైర్డ్ హెడ్‌నర్స్
ఆ చిన్న తెల్ల మాత్ర పేరు కావాలి.

చంద్రగిరి_లక్ష్మి
ఇప్పుడే చూశాను. పాత బిస్కట్ల డబ్బా, పైన రబ్బరు బ్యాండు. అడుగున పేపరు పొట్లాల్లో మాత్రలు, పేరు లేకుండా. నాలుగు పొట్లాలు విప్పాక ఒక్క స్ట్రిప్పు ముక్క దొరికింది. అంచు కత్తిరించి ఉంది, అయినా వెనక అక్షరాలు సగం కనిపిస్తున్నాయి. ప్రెడ్నిసోలోన్ 10.

ఎన్నాళ్లుగా అని అడిగాను. ‘నువ్వు తిరుపతిలో ఉద్యోగంలో చేరినప్పటి నుంచి’ అంది. నాలుగేళ్లు. పొద్దున ఒకటి వేసుకుంటే పొలం దాకా నడవగలుగుతున్నానని, అందుకే మాకు చెప్పలేదని అంది. ఊళ్లో వైద్యం చేసే అతను మొదట ఇచ్చాడట, తర్వాత దుకాణంలో అడిగితే చీటీ లేకుండానే ఇచ్చేవారట. చేతులు వణుకుతున్నాయి నాకు.

రిటైర్డ్ హెడ్‌నర్స్
దొరికింది మీ ప్రశ్నకు జవాబు. పక్కింటి అవ్వకూ మీ అమ్మకూ ఉన్న తేడాలో పెద్ద భాగం ఆ బిస్కట్ల డబ్బాలోనే ఉంది.

అది స్టెరాయిడ్. ఉబ్బసానికి, కీళ్లవాతానికి, ఇంకా ఎన్నో జబ్బులకు అది ప్రాణం నిలిపే మందు, డాక్టరు చూసి ఇచ్చినప్పుడు. రోజుకు 5 మిల్లీగ్రాములు మూడు నెలలు దాటి వాడినా ఎముక విరిగే ప్రమాదం పెరుగుతుంది. అమ్మ 10 చొప్పున నాలుగేళ్లు వేసుకుంది. కొత్త ఎముక కట్టే కణాలను అది అణిచేస్తుంది, పేగు నుంచి కాల్షియం అందడాన్ని తగ్గిస్తుంది. మొదటి కొన్ని నెలల్లోనే ఎముక వేగంగా పోతుంది. ఇలా వాడేవారికి డాక్టర్లు మొదటి రోజు నుంచే ఎముకకు రక్షణ చూస్తారు. పొట్లంలో ఇచ్చిన మనిషి చూడడు.

కోపంతో ఆ మాత్రలు ఈ రోజే పారేయకండి! ఇది అందరూ గట్టిగా గుర్తుంచుకోవాలి. ఏళ్ల తరబడి వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే ఒంట్లో సొంతంగా తయారవ్వాల్సిన హార్మోను అందదు, బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం మెల్లగా తగ్గించాలి. రేపు డబ్బాతో సహా తీసుకెళ్లండి.

సుమతి_చిత్తూరు
లక్ష్మీ, అమ్మను తిట్టకు. నొప్పితో ఉన్న మనిషి నడిపించే మాత్రను వదులుకోదు.

చంద్రగిరి_లక్ష్మి
తిట్టలేదక్కా. ఆ డబ్బా ఒళ్లో పెట్టుకుని ఇద్దరమూ ఏడ్చాము.

పుత్తూరు వాసి
రెండు రోజులుగా అందరివీ చదువుతూ వచ్చాను. మా ఊరి కట్టు మీద నా నమ్మకం పోలేదు, పోదు. కానీ ఒకటి ఒప్పుకుంటున్నాను. కట్టు కట్టేవారు విరిగిన చోటును చూస్తారు, ఎముక ఎందుకు గుల్లబారిందో చూడరు. మా అత్తకు కూడా ఒళ్లునొప్పుల మాత్ర అలవాటు ఉంది. ఈ రాత్రికే ఆమె డబ్బా చూస్తాను.

ఎక్స్‌రే గది
ఈ చర్చలో నాకు బాగా నచ్చిన పోస్టు ఇదే అన్నా.

శ్రీకాళహస్తి_మూర్తి
ఇదంతా ఆడవాళ్ల జబ్బని అనుకుంటున్నారేమో. నాకు 70. ఆయాసానికి ఏళ్లపాటు మాటిమాటికీ స్టెరాయిడ్ కోర్సులు వాడాను, దానికి తోడు నలభై ఏళ్లు బీడీ కాల్చాను. పోయిన వేసవిలో మంచం కోడుకు కాలు కొట్టుకుని చీలమండ పైన విరిగింది. నాలుగు నెలలకు అతకాల్సింది ఏడు నెలలు పట్టింది. కాలి ఎముక కింది భాగానికి రక్తం తక్కువగా అందుతుందట, పొగ తాగేవారికి అదీ తగ్గుతుందట. నాది ఒకప్పుడు ఐదడుగుల ఏడంగుళాల ఎత్తు. ఈ మధ్య కొలిస్తే రెండంగుళాలు తక్కువ వచ్చింది. వెన్నుపూసలు నాకు తెలియకుండానే నలిగాయని డాక్టరు చెప్పారు. బీడీ మానేశాను.

కుప్పం కుర్రాడు
మా నాన్నకు పదిహేనేళ్లుగా షుగరు. చీలమండ వాచి ఎర్రగా ఉంటే బెణుకు అనుకుని తొమ్మిది రోజులు పొలానికి నడిచే వెళ్లాడు. నొప్పి లేదంటాడు. ఎక్స్‌రే తీస్తే లోపల విరిగి ఎముకలు పక్కకు జరిగిపోయి ఉన్నాయి. డెక్సాలో మాత్రం మైనస్ 1.2 వచ్చింది. అంటే ఎముక బాగానే ఉన్నట్టా?

రిటైర్డ్ హెడ్‌నర్స్
ఈ అంకె చూసి నిశ్చింతగా ఉండవద్దు. షుగరు ఉన్నవారిలో ఎముక సాంద్రత బాగానే కనిపించినా లోపల నాణ్యత తగ్గి ఉంటుంది, అదే అంకె ఉన్న ఇతరులకన్నా తేలికగా విరుగుతుంది. నరాలు దెబ్బతిని పాదంలో స్పర్శ పోతే విరిగినా తెలియదు. షుగరు ఉన్నవారి పాదం ఉన్నట్టుండి వేడెక్కి, ఎర్రగా వాచిందంటే నొప్పి లేకపోయినా నేల మీద మోపనివ్వకుండా డాక్టరుకు చూపించాలి.

చంద్రగిరి_లక్ష్మి
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. హెడ్‌నర్స్ గారు చెప్పినట్టే మళ్లీ ఎక్స్‌రే తీయించాము, ఎముక జరిగిపోయింది. ఆరు వారాలు ఆగి ఉంటే వంకరగానే అతుక్కునేదని కొత్త డాక్టరు చెప్పారు. మోకాలి వైపు నుంచి ఎముక బోలులోకి రాడ్డు దించి, పైనా కిందా స్క్రూలు బిగించారు. ఆరోగ్య మిత్ర దగ్గర కార్డు చూపించాము, కాగితాల పని ఆమే దగ్గరుండి చేసింది.

డెక్సాలో నడుము మైనస్ 3.4, తుంటి మైనస్ 2.9. డి విటమిన్ 11, ఇరవైకి పైన ఉండాలట. గుల్లబారడానికి ఇంకేదైనా జబ్బు కారణమేమోనని థైరాయిడ్, పారాథైరాయిడ్, కిడ్నీ, రక్తంలో ప్రొటీన్ పరీక్షలు చేశారు, అవన్నీ సరిగ్గానే ఉన్నాయి. స్టెరాయిడ్ తగ్గించే పని మొదలైంది. డి విటమిన్ 60,000 యూనిట్లది వారానికొకటి, ఎనిమిది వారాలు.

ఇప్పుడు ఎముక మందు దగ్గర ఆగాము. టెరిపారటైడ్ అనే ఇంజెక్షను రోజూ పొట్ట మీద వేసుకోవాలి అన్నారు, రెండేళ్ల వరకు. తమ్ముడు ఎక్కడో చదివి, ఎముక మందులు వాడితే దవడ కుళ్లిపోతుందని, తొడ ఎముక విరుగుతుందని భయపడుతున్నాడు.

సుమతి_చిత్తూరు
తమ్ముడు చదివింది వేరే మందుల గురించి. నేను రెండున్నరేళ్లుగా అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాముల మాత్ర వారానికి ఒకటి వేసుకుంటున్నాను. పొద్దున పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో. అరగంట పడుకోకూడదు, కాఫీ కూడా తాగకూడదు. లేకపోతే గొంతు కింద ఒరుసుకుపోతుంది. తమ్ముడు చెప్పిన రెండు ప్రమాదాలు ఈ రకం మందులతో నిజంగానే ఉన్నాయి, కానీ చాలా అరుదు. తొడ ఎముక సంగతి ఎక్కువగా చాలా ఏళ్లు ఆపకుండా వాడినవారిలో. అందుకే డాక్టరు కొన్నేళ్లకు ఆపి చూస్తారు. పళ్లు పీకించుకోవాల్సి ఉంటే ముందే పీకించుకోమన్నారు, నేను రెండు పీకించుకుని మొదలుపెట్టాను. మందు మానేస్తే తుంటి విరిగే భయం దానికన్నా ఎన్నో రెట్లు పెద్దది.

శ్రీకాళహస్తి_మూర్తి
నాకు ఏడాదికోసారి సెలైనులో ఎక్కించే జోలెడ్రోనిక్ ఆమ్లం ఇచ్చారు. ముందు కిడ్నీలు, డి విటమిన్ పరీక్షించారు. మొదటిసారి ఎక్కించిన రాత్రి చలిజ్వరం వచ్చి భయపడ్డాను, రెండు రోజుల్లో తగ్గిపోయింది. అది మామూలేనట. ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ అనే ఇంజెక్షనూ ఉంది. మా వదినకు అదే వేస్తున్నారు. దాన్ని మాత్రం తేదీ దాటించకూడదు. మధ్యలో ఆపేస్తే పెరిగిన ఎముక వేగంగా పోయి వెన్నుపూసలు నలుగుతాయని ఆమె డాక్టరు క్యాలెండరు మీద గుండ్రంగా గీసి ఇచ్చారు.

రిటైర్డ్ హెడ్‌నర్స్
పై మందులన్నీ ఎముక అరిగిపోవడాన్ని ఆపేవి. టెరిపారటైడ్ కొత్త ఎముకను కట్టించేది. స్టెరాయిడ్ వల్ల పోయిన ఎముకకు, ఇలా రెండుసార్లు విరిగినవారికి దాన్ని ఎంచుకోవడంలో న్యాయం ఉంది. కోర్సు అయిపోయాక, ఎముక అరగకుండా ఆపే రకం మందు ఒకటి తప్పక వాడాలి, లేకపోతే కట్టిందంతా కరిగిపోతుంది. ఖర్చు ఎక్కువ, ముందే అడిగి తెలుసుకోండి. ఫ్రిజ్‌లోనే ఉంచాలి, గడ్డకట్టే అరలో మాత్రం పెట్టకూడదు.

మాధవి ఫిజియో
మందుల సంగతి పెద్దవాళ్లు చెప్పారు, నేను కాళ్ల సంగతి చెబుతాను. కాలికి కండ పట్టు లేకపోతే మనిషి మళ్లీ పడిపోతారు. డాక్టరు బరువు మోపవచ్చు అన్న రోజు నుంచి వాకరుతో నడిపించండి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం పూటకు పదిసార్లు, వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తి దించడం పదిసార్లు. నడుము ముందుకు వంచి నేల మీది బరువులు ఎత్తవద్దు, వెన్నుపూసలకు ప్రమాదం. ఇంట్లో ఆ గడప దగ్గర సగం ఎత్తులో ఇంకో మెట్టు కట్టించి, గోడకు పట్టుకునే కమ్మీ బిగించండి. స్నానాల గదిలో కూడా. రాత్రి లేచేటప్పుడు దీపం ఉండాలి.

ఎడమ కాలిని కూడా గమనించండి. ఇన్నాళ్లుగా బరువంతా అదే మోస్తోంది.

చంద్రగిరి_లక్ష్మి
మాధవి గారూ, మీరు రాసిన మాట వల్లే రెండో కాలు దక్కింది. ఆపరేషన్ అయిన తొమ్మిదో వారంలో ఎడమ మోకాలి కింద, లోపలి వైపు నొప్పి అంది అమ్మ. నడిస్తే నొప్పి, కూర్చుంటే తగ్గుతుంది. వేలితో ఒక్కచోట నొక్కితే ప్రాణం విలవిలలాడింది. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. పాత నేనైతే అమ్మను ఇంటికి తీసుకొచ్చేదాన్ని. ఈసారి అడిగాను, ఎమ్మారై రాశారు. ఎముకలో అడ్డంగా సన్నటి గీత. పడకుండా, దెబ్బ తగలకుండా, రోజువారీ నడక బరువుకే వచ్చిన పగులు. ఇంకో పది రోజులు నడిచి ఉంటే ఇదీ విరిగేదట. ఆరు వారాలు ఆ కాలికి బరువు తగ్గించమన్నారు.

ఎక్స్‌రే గది
ఇలాంటివి మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేకు చిక్కవు. స్టెరాయిడ్ వాడినవారు, కీళ్లవాతం ఉన్నవారు మోకాలి కింద ఒకేచోట నొప్పి అంటే ‘అరుగుదల’ అని పంపేయడం నేను కళ్లారా చూశాను. మీరు నిలబడి అడిగారు, సంతోషం.

చంద్రగిరి_లక్ష్మి
ఏడు నెలలైంది. అడిగినవారి కోసం రాస్తున్నాను. రెండు కాళ్లూ అతికాయి. స్టెరాయిడ్ పూర్తిగా ఆగింది. మోకాళ్ల నొప్పికి వ్యాయామం, అప్పుడప్పుడు డాక్టరు రాసిన మాత్ర. ఇంజెక్షను పెన్ను ఫ్రిజ్‌లో కరివేపాకు పక్కన ఉంటుంది. మొదటి నెల నేను వేశాను, ఇప్పుడు తనే ఎనిమిది గంటల వార్తలు మొదలవ్వగానే వేసుకుంటోంది. పదకొండింటికి మిద్దె మీద ఒడియాలు ఆరబెట్టే పని మళ్లీ తనదే. వాకరుతో ఎక్కుతుందేమోనని మెట్లకు రెండు వైపులా కమ్మీలు పెట్టించాము.

ఇప్పుడు కొత్త తగువు. కాలు బాగైతే అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మంచంలో ఉన్నప్పుడు మొక్కుకుందట. 3,550 మెట్లు. వద్దంటే వినడం లేదు.

మాధవి ఫిజియో
ఇప్పుడే వద్దు. ఎక్కడం కన్నా ఆగి ఆగి దిగే అడుగులు, తడి మెట్లు ప్రమాదం. మోకాళ్ల పర్వతం దగ్గర నిలువు మెట్లకు మంచి కాళ్లే వణుకుతాయి.

రాగిముద్ద
స్వామి మొక్కును ఆపమనే హక్కు మనకెక్కడిది? పల్లకీ మీద కాకపోయినా పదిమందిమి చేయి పట్టుకుని తీసుకెళ్దాం.

పుత్తూరు వాసి
మా ఇళ్లలో పెద్దవాళ్లు ఎక్కలేకపోతే వాళ్ల మొక్కు పిల్లలు తీరుస్తారు. లక్ష్మీ, నువ్వు ఎక్కమ్మా. అమ్మ బస్సులో వస్తుంది.

చంద్రగిరి_లక్ష్మి
అన్నా, మీరు చెప్పినట్టే చేశాము. నిన్న శనివారం. అలిపిరి పాదాల మండపం దగ్గర అమ్మ చేతికర్ర పక్కన పెట్టి, కమ్మీ పట్టుకుని మొదటి మెట్టుకు పసుపు, కుంకుమ రాసింది. రెండో మెట్టుకు వంగబోతే తమ్ముడు ఆపాడు. వాళ్లిద్దరూ బస్సెక్కారు. నేను నాలుగున్నర గంటల్లో ఎక్కాను. పైన చెట్టు నీడన కూర్చుని, నా పాదాలు ఒళ్లోకి తీసుకుని పిక్కలు పిసికింది. ‘నీ ఎముకలు గట్టివే’ అంది.

సుమతి_చిత్తూరు
కళ్లు తుడుచుకుంటున్నాను.

నగరి_పద్మజ
ఈ చర్చ మొత్తం ఇప్పుడే చదివాను. మా అత్తకు 57. నిన్న ఇంటి అరుగు దిగుతూ మణికట్టు విరిగింది, కట్టు వేసి పంపారు. మోకాళ్ల నొప్పులకు ఏవో మాత్రలు వాడుతోంది. ముందు ఏ పరీక్ష చేయించాలి?

చంద్రగిరి_లక్ష్మి
డెక్సా గురించి ఈ వారమే డాక్టరును అడగండి. అంతకన్నా ముందు అత్త మాత్రల డబ్బా తెరవండి, పొట్లాలతో సహా. ఏ మాత్రా ఆపవద్దు. స్ట్రిప్పుల వెనక వైపు ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, హెడ్‌నర్స్ గారు రాత్రి తొమ్మిదింటికి చూస్తారు.